బుడగ రాని అతుకులు

మా ఆయన ఇంటికి రావడం కొన్ని తెల్లటి సిరామిక్ గొట్టాల మీద ఆధారపడి ఉన్న కాలం ఒకటి ఉండేది. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వనీ. ఆ గొట్టాలను ఒత్తింది, కాల్చింది, నీళ్లలో ముంచి పరీక్షించింది నేనే. మొగుణ్ని ఇంటికి తెచ్చుకోవడానికి ఇంత చదువు చదివిన ఆడమనిషి మా చుట్టుపక్కల జిల్లాల్లో ఇంకొకతె ఉండదని నన్ను నేనే వెక్కిరించుకునేదాన్ని.

ఆయన పైపు ఫిట్టరు. తుంగభద్ర వైపు, రాజోలి దగ్గర ఊరు. ఐటీఐ చేసి, పని వెతుక్కుంటూ గుజరాత్ పోయి, సముద్రం పక్కన ఒక రిఫైనరీలో కాంట్రాక్టరు కింద కుదిరాడు. నాది కృష్ణ వైపు, ధరూర్ దగ్గర. సిరామిక్స్‌లో డాక్టరేటు చేసి, పెబ్బేరు దగ్గర హైవే నుంచి కాస్త లోపలికి ఉన్న ఒక కంపెనీ ప్రయోగాల షెడ్డులో చేరాను. పెళ్లయి ఏళ్లు గడిచినా ఇద్దరం ఒకే కప్పు కింద వరుసగా ఒక నెల ఉన్నది లేదు. ఆయన వచ్చేవాడు, ఆయన కోసం పెట్టిన పచ్చడి సగం కాకముందే వెళ్లిపోయేవాడు. మిగిలిన సగం నేను తినలేకపోయేదాన్ని.

ఎదురుచూడటం నాకు కొత్తేమీ కాదు. మా అమ్మా నాన్నా కూలీలు. మేస్త్రీల వెంట కాలువ పనులకు ఎక్కడెక్కడికో వలస పోయేవాళ్లు. నన్ను నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో చేర్చారు. ఆదివారం చర్చి అయ్యాక హాస్టల్ గేటు పట్టుకుని నిలబడి, వచ్చే ప్రతి బస్సునూ చూసేదాన్ని. చదువుకుంటే ఈ గేటు పట్టుకునే పని తప్పుతుందనుకున్నాను. చదువుకున్నాను. తీరా చేసుకున్నది మళ్లీ బ్యాగు భుజాన వేసుకుని పోయే మనిషినే.

డాక్టరేటు పిల్ల ఐటీఐ పిల్లగాణ్ని చేసుకోవడమేమిటని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. పెళ్లిచూపుల నాడు నా పని ఏమిటని ఆయన అడిగాడు. నేను గొట్టాల గురించి, వాటిలోని రంధ్రాల గురించి చెబుతూ పోయాను. చేతిలో చాయ్ చల్లారి మీగడ కట్టేదాకా ఆ మనిషి విన్నాడు. అంతకు ముందు నా మాట అంత ఓపికగా విన్నవాళ్లు లేరు. ఇంకేం చూడాలి?

ఇక్కడ మా షెడ్డులో జరిగే పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. పశువుల పెండ నుంచి గ్యాసు వస్తుందని అందరికీ తెలుసు. కానీ అందులో మండేది కొంతే. మిగతాది మనం ఊపిరి వదిలితే వచ్చే బొగ్గుపులుసు వాయువు, అది మండదు. రెండింటినీ విడదీస్తే మండే గ్యాసును సిలిండర్లలో నింపుకోవచ్చు, పొయ్యిలకూ బండ్లకూ వాడుకోవచ్చు. ఆ విడదీసే పనికి మేము తయారు చేసేది సిరామిక్ గొట్టం. అల్యూమినా అనే తెల్లటి పొడిని మురుకుల పిండిలా తడిపి, మరలో పోసి, వేలంత లావు గొట్టాలుగా ఒత్తుతాం. నీడలో ఆరబెట్టి ఫర్నేసులో కాలుస్తాం. కాలిన గొట్టం గచ్చులా గట్టిగా కనిపిస్తుంది గానీ, ఒళ్లంతా కంటికి కనిపించని రంధ్రాలే. దాని మీద ఇంకా సన్నని రంధ్రాలున్న పొర ఒకటి పూస్తాం. లోపలికి పెండ గ్యాసును తోస్తే బొగ్గుపులుసు వాయువు గోడలోంచి బయటికి జారిపోతుంది, మండే గ్యాసు లోపలే మిగులుతుంది. ఎక్కడైనా ఒక్క రంధ్రం పెద్దదైందా, రెండూ కలిసి బయటికి పోతాయి, పడ్డ కష్టమంతా గంగపాలు.

ఇదంతా ఆయనకు ఫోన్లో చెబితే, “పోయేది పోతది, ఉండేది ఉంటది. మనూరి లెక్కనే ఉంది గద నీ గొట్టం,” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట నిజం కాబట్టే మండింది.

షెడ్డు పెబ్బేరులోనే ఎందుకు పెట్టారంటే, శనివారం పశువుల సంత. ఎక్కడెక్కడి నుంచో ఎద్దులు, బర్రెలు వస్తాయి. అవి వెళ్లిపోయాక సంత మైదానం నిండా మాకు కావలసిన సరుకే. వారంలో మిగతా రోజులకు నాగర్‌కర్నూల్ వైపు డెయిరీల నుంచి ట్రాక్టరులో వస్తుంది. మొదట్లో నేనే దగ్గరుండి పెండ ఎత్తించేదాన్ని. సంతలో మా ధరూర్ వైపు వాళ్లెవరో చూసి, పోయి మా అమ్మకు చెప్పారు. ఆమె ఫోన్ చేసి, “పెండ ఎత్తెతందుకు గంత సదువు ఎందుకే?” అని అడిగింది. మా ఆయన దాన్ని పట్టుకుని ‘పెండ మేడమ్’ అని పేరు పెట్టాడు. రిఫైనరీలో చాయ్ విరామంలో ఫోన్ చేసి, “పెండ మేడమ్, తిన్నవా?” అనేవాడు. వెనక పెద్ద పెద్ద మోటార్ల హోరు. ఆ హోరులోంచి ఆ మాట కోసం నేను సాయంత్రం దాకా చెవి ఒగ్గుకుని ఉండేదాన్ని. కోపం నటించేదాన్ని గానీ, ఒకరోజు ఆ పిలుపు రాకపోతే మరునాడు చేతిలో పని సాగేది కాదు.

మా ఇన్‌చార్జి సారు హైదరాబాద్ మనిషి, నెమ్మదస్తుడు. ఒకనాడు ఆయనే అన్నారు. “చూడమ్మా, హెడ్డాఫీసు వాళ్లు వచ్చేనెల వస్తున్నారు. వాళ్ల ముందు ఈ గొట్టాలు పాసైతే ఇక్కడే పెద్ద ప్లాంటు కడతాం. ఫెయిలైతే ఈ షెడ్డు ఉండదు. పాసైతే పైపులు వేయడానికి ఫిట్టరు కావాలి కదా. బయటి నుంచి ఎందుకు, మీ ఆయన్నే పిలుద్దాం.”

ఆ రోజు నుంచి ఒక్కో గొట్టాన్నీ పసిబిడ్డను పట్టుకున్నట్టే పట్టుకున్నాను. ఒత్తేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని. ప్రార్థనలో వాన గురించి, అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి అడగడం మానేసి గొట్టాల గురించే అడిగాను. దేవుడికి కూడా అల్యూమినా సంగతులు చెప్పిన మనిషిని నేనే అయ్యుంటాను.

గొట్టాలు ఆరబెట్టే గది ఒక అక్క చేతుల్లో ఉండేది. ఆమెది పెబ్బేరే. భర్త సంతలో ఎద్దుల బేరాలు కుదిర్చే మనిషి. పచ్చి గొట్టాన్ని ఒకే వైపు పడుకోబెడితే వంగిపోతుంది. అందుకని అక్క వాటిని గంటగంటకూ తిప్పుతూ ఉండాలి. వాటితో మాట్లాడుతూ తిప్పేది. “మల్లు బిడ్డా, అటు మల్లు, నడుము పట్టేస్తది.” ఎంత తిప్పినా కొన్ని వంకరపోయేవి. వాటిని కింది అరలో పడేసి ‘మొండి పోరలు’ అనేది. మా ఆయన గురించి అక్కకు అంతా చెప్పేదాన్ని. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు? నేను దిగాలుపడ్డప్పుడల్లా అక్క తిప్పడం ఆపకుండానే, “వస్తడు తియ్యి. యాడికి పోతడు?” అనేది.

ఫర్నేసును అక్క ‘బట్టీ’ అనేది. గొట్టాలను లోపల నిలబెట్టి తలుపు వేసే ముందు ప్రతిసారీ బట్టీ తలుపుకు బొట్టు పెట్టి దండం పెట్టుకునేది. అది ఆమె పద్ధతి. ఇనుప తలుపుకు బొట్టు పెడితే మాకు పోయేదేముందని మేమూ ఊరుకునేవాళ్లం. హెడ్డాఫీసు వాళ్లకు చూపించాల్సిన గొట్టాలు నింపిన రోజు కూడా, “జర ఆగుండ్రి, దండం పెట్టుకుంట,” అంది. సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డారు. నేను ఆ చివర స్విచ్చు బోర్డు దగ్గర ఉన్నాను. ఈసారి అక్క ఎక్కువసేపే తీసుకుంది. భక్తి ఎక్కువైందేమో అనుకున్నాను.

ఫర్నేసు చల్లారాక గొట్టాలు తీస్తే తెల్లగా, నిటారుగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. ఇక బుడగ పరీక్ష. ఇది సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే. గొట్టం ఒక చివర మూసి, రెండో చివర నుంచి గాలి తోస్తూ నీళ్లలో ముంచుతాం. గాలి జోరు మీటరు మీద మేము పెట్టుకున్న గీత దాటేదాకా బుడగ రాకూడదు. గీతకు ముందే ఎక్కడ బుడగ వస్తే అక్కడ రంధ్రం పెద్దదన్నమాట.

మొదటి గొట్టానికి బుడగ వచ్చింది. గీత దరిదాపుల్లోకైనా పోకముందే వచ్చింది. పైనుంచి జానెడు కిందుగా, ఒకే చోటు నుంచి, వరుసగా. రెండోదానికీ అంతే. మూడోదానికీ అదే చోటు. నాకు ఒళ్లు తెలియలేదు. చేతి తొడుగులు తీసి నేలకేసి కొట్టాను. పొడి కల్తీదన్నాను, మరకు గీత పడిందన్నాను, ఫర్నేసు వేడి పెంచిన తీరే తప్పని సారు మొహాన్నే అన్నాను. ఆయన ఒక్కో గొట్టాన్నీ వెలుతురుకు పెట్టి తిప్పి చూస్తున్నారు. బుడగ వచ్చిన చోట గోధుమరంగు మరక, వెతికితేనే కనిపించేంత లేతగా ఉంది.

అంతలో అక్క చాయ్ తెచ్చింది. “ఏంది చెల్లె, గంత పరేషాన్ అయితున్నవ్?”

“జూడక్క, అన్నిటికీ గిక్కడికెల్లే బుడగలు.”

అక్క నీళ్ల తొట్టి మీదికి వంగి చూసింది. “బొట్టు కాడికెల్లే వస్తున్నయ్ గద,” అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతిలా.

“ఏం బొట్టు?”

“నేను పెట్టిన బొట్టు.”

చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడే చెప్పింది. “సంతల ఎద్దును కొని తోలుకొస్తే గడపల నిలబెట్టి బొట్టు పెడ్తం. ఇంటికొచ్చేదానికి పెట్టాలె గద. ఇవి మంచిగైతేనే మీ ఆయన వస్తడని నువ్వే అంటివి. నీకు పెడ్దమంటే మీరు చర్చికి పోయెటోళ్లు, నువ్వు పెట్టుకోవు. గందుకే వాటికి పెట్టిన. ఒక్కోదానికి నొసటి కాడ, మంచిగ తడి చేసి, ఊడిపోకుండ.”

సారు నెమ్మదిగా గొట్టం బల్ల మీద పెట్టారు. “కుంకుమలో సున్నం ఉంటుందమ్మా,” అన్నారు నాతో. “ఆ వేడికి సున్నం అల్యూమినాతో కలిసి కరుగుతుంది. కరిగినచోట రంధ్రాలు పెద్దవైపోతాయి.” అక్కకు ఆ మాటల్లో ఎంత అర్థమైందో గానీ నా మొహం చూసి మాత్రం మొత్తం అర్థమైంది. గ్లాసులు బల్ల మీద పెట్టి వెనక్కి జరిగింది.

అరుద్దామని నోరు తెరిచాను. నా కోసం, నా నుదుటికి బదులు, నా మొగుడి కోసం ఆమె ఒక్కో గొట్టానికీ వేలు తడుపుకుంటూ బొట్టు పెట్టిన తీరు కళ్లకు కట్టింది. ఎవరిని తిట్టాలి? బయటికి వెళ్లి పెండ మురగబెట్టే తొట్టి గట్టు మీద కూర్చుని గుక్కపట్టి ఏడ్చాను. మా ఇంట్లో నాకోసం అంత చేసినవాళ్లు లేరు, అంత పాడుచేసినవాళ్లూ లేరు. రెండూ ఒకే మనిషి చేతి మీదుగా జరగడం నాకే రాసిపెట్టి ఉంది.

కొత్త గొట్టాలు ఒత్తి ఆరబెట్టే వ్యవధి లేదు. తొందరపెట్టి ఆరబెడితే అవి నెర్రెలిస్తాయి. సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే నేను బొట్టు సంగతి చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. “ఆమెను ఏమన్నకు,” అన్నాడు. “నా గురించి మనూర్ల ఎవరో గట్ల అనుకుంటున్నరంటే నాకు మంచిగనిపిస్తుంది.” ఆ మాటకు నా ఏడుపు మళ్లీ మొదటికొచ్చింది.

మరునాడు అక్క పనికి రాలేదు. స్కూటీ వేసుకుని ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని పల్లికాయ ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు. “నీ నోట్ల మన్ను కొట్టిన చెల్లె. ఏ మొకం పెట్టుకొని రావాలె?” అంది. నేనూ పక్కన కూర్చుని నాలుగు కాయలు ఒలిచాను. ఏమనాలో తెలియక, “మరి ఆ మొండి పోరలకు కూడ పెట్టినవా బొట్టు?” అని అడిగాను.

“వాటికెందుకు పెడ్త? వంకరయి ఎట్లైన పనికిరావు గద.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఫర్నేసులో ఖాళీ ఉంచడం ఎందుకని ఆ వంకర గొట్టాలను కూడా ఒక మూల నిలబెట్టి కాల్చాం. వాటిని ఎవరూ పరీక్షించలేదు. అక్క ఒడిలో పల్లికాయ అక్కడే పారబోసి నా వెనక స్కూటీ ఎక్కింది.

మొండి పోరలకు గీత దాటేదాకా బుడగ రాలేదు. ఒక్కదానికీ రాలేదు. వంకరగా ఉండటం వల్ల వాటిని గ్యాసు తోసే ఉక్కు డబ్బాలో బిగించడానికి నానా తంటాలు పడ్డాను. రబ్బరు రింగులు కోసి, అతికించి, తీసి, మళ్లీ పెట్టాను. పొర పూసి మళ్లీ కాల్చాం. హెడ్డాఫీసు వాళ్లు వచ్చిన రోజు నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. గొట్టాల నుంచి వచ్చిన గ్యాసును మామూలు పొయ్యికి తగిలించి వెలిగిస్తే, ఆకాశమంత నీలంగా మంట లేచింది. మీటరు ఏం చూపిస్తోందో వాళ్లు రాసుకుంటున్నారు, నేను మంటనే చూస్తున్నాను. దాని మీద అక్క చాయ్ పెట్టింది. గిన్నె పెట్టే ముందు నా చెవిలో, “దీనికి బొట్టు పెట్టొద్దు గద?” అని అడిగింది. అంతమంది పెద్దవాళ్ల ముందు పకపకా నవ్వేశాను.

ఆయనకు ఫోన్ చేసి పాసయ్యాయని చెప్పాను. “అయితే బ్యాగు సర్దుకోవాల్నా?” అన్నాడు.

“సర్దెతందుకేముంది? ఎప్పుడు జూసినా సర్దే ఉంటది గద,” అన్నాను.

గద్వాల స్టేషన్‌లో దిగాడు. ఎండకు నల్లబడి, జుట్టులో ఉప్పుగాలి పట్టి, అదే బ్యాగు. ఈసారి ఎన్ని రోజులని నేను అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత సుఖమో ఆ రోజే తెలిసింది.

ప్లాంటు కట్టినన్నాళ్లూ పెబ్బేరులో నా అద్దె గదిలోనే ఉన్నాం. అప్పుడు గానీ నా మొగుడు ఎలాంటివాడో నాకు తెలియలేదు. తెల్లవారుజామునే షిఫ్టు సైరను మోగినట్టు దిగ్గున లేచి కూర్చునేవాడు. కంచం పట్టుకుని నిలబడే తినేవాడు. మోటారు చప్పుడు లేనిదే నిద్ర పట్టదని పాత టేబుల్ ఫ్యాను ఒకటి తెచ్చి చలికాలంలోనూ తిప్పేవాడు. అన్నిటికంటే నాకు కష్టమనిపించింది ఒకటుంది. ఉతికి ఆరేసిన బట్టలు తీసి, మడతపెట్టి, మళ్లీ బ్యాగులోనే పెట్టుకునేవాడు. మంచం కింద ఆ బ్యాగు జిప్పు వేసి సిద్ధంగా ఉండేది. నేను తీసి మేకులకు తగిలించేదాన్ని, రెండు రోజుల్లో మళ్లీ బ్యాగులోకి చేరేవి. “అలవాటే, తెల్వకుండ పెడ్తున్న,” అనేవాడు సిగ్గుపడుతూ. ఒకరోజు ఆ బ్యాగును తీసుకెళ్లి అక్క ఇంట్లో దాచాను. అప్పుడు గానీ ఆయన చొక్కాలు గోడకు నిలవలేదు. ఆ చొక్కాలు మేకులకు వేలాడుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. వాటిలో ఏముంది చూడ్డానికని ఎవరైనా అడిగితే చెప్పలేను.

పగలు ఆయన పైపులు వేసేవాడు. పెండ తొట్టి నుంచి గొట్టాల డబ్బాలకు, అక్కడి నుంచి సిలిండర్లు నింపే చోటుకు. ఆయన బిగించిన ప్రతి అతుకునూ పరీక్షించడం నా పని. గిన్నెలో సబ్బునీళ్లు కలుపుకుని బ్రష్షుతో అతుకు చుట్టూ పూయాలి. గ్యాసు కారుతుంటే బుడగ లేస్తుంది. నేను బ్రష్షు తీస్తుంటే ఆయన పైపులు బిగించే రించి భుజం మీద పెట్టుకుని వెనకే నిలబడేవాడు.

“బుడగొస్తె ఈపూట బువ్వ లేదు,” అని బెదిరించేదాన్ని.

“వస్తె నా పేరు మార్చుకుంట పెండ మేడమ్,” అనేవాడు.

రాలేదు. ఎంత గుచ్చి గుచ్చి చూసినా రాలేదు. ఆయనకు గర్వం, నాకు అంతకంటే గర్వం. పొద్దువాలే వేళకు బండి మీద కృష్ణ వంతెన దాకా పోయి, ఉడకబెట్టిన పల్లికాయ తింటూ, కిందికి నీళ్లలోకి పొట్టు విసురుతూ నిలబడేవాళ్లం. ఏమీ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఏళ్ల తరబడి ఫోన్లో మాట్లాడీ మాట్లాడీ మాకు మాటల మీద మొహం మొత్తింది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు ఇంకేవీ లేవు. ఇప్పుడు ఆ వంతెన మీదుగా బస్సు పోతే నేను అటు తల తిప్పను.

ప్లాంటు పూర్తయింది. గ్యాసు వచ్చింది, సిలిండర్లు నిండాయి. నేను కొత్త గొట్టాల పనిలో పడ్డాను. ఆయన కొన్నాళ్లు ప్లాంటులోనే అటూ ఇటూ తిరిగాడు. బాగుచేయడానికి ఏదీ చెడిపోలేదు. ఒకరోజు సారు నన్ను పిలిచి, ఆ నెమ్మదైన గొంతుతోనే, “ఇంత చిన్న ప్లాంటుకు రోజూ ఫిట్టరు అవసరం లేదమ్మా. హెడ్డాఫీసు ఒప్పుకోవడం లేదు. అంత బాగా చేశాడు మరి. ఎక్కడైనా లీకైతే తప్పకుండా పిలుస్తాం,” అన్నారు.

ఇది నాకు ముందే తట్టి ఉండాల్సింది. పైపులు వేసేదాకే ఫిట్టరు, అవి బాగా కుదిరాయంటే ఆయన పని అయిపోయినట్టే. గొట్టాలు పాసైతే వస్తాడన్నదే పట్టుకుని కూర్చున్నాను గానీ, వచ్చాక ఎన్నాళ్లుంటాడన్నది ఎవరినీ అడగలేదు. ఆయన చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటార్లు బిగిస్తూ కొన్నాళ్లు చూశాడు. ఒక పని ఉంటే నాలుగు రోజులు లేదు. ఖాళీగా ఉన్న రోజు ఆ మనిషిని చూడలేకపోయేదాన్ని, అరుగు మీద కూర్చుని వట్టి చేతులు చూసుకునేవాడు. గుజరాత్ నుంచి కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. మా ఆయన నాకేమీ చెప్పకుండా అక్క ఇంటికి పోయి బ్యాగు తెచ్చుకున్నాడు. మేకుల మీంచి చొక్కాలు ఆయన తీయలేదు. నేనే తీసి, మడతపెట్టి, సర్దాను.

నువ్వే అక్కడికి పోరాదా అని అందరూ అడుగుతారు. అక్కడ ఆయన ఉండేది మగవాళ్లు వరుస మంచాల మీద పడుకునే రేకుల గది. అది కాదు అసలు సంగతి. ఆయన పిలవలేదు, నేను అడగలేదు. ఆ గొట్టాలు నా చేతుల్లో పుట్టాయి. వాటిని వదిలి రమ్మంటే నేను నేనుగా ఉండనని, నా మాట చాయ్ చల్లారేదాకా విన్న మనిషికి తెలియదా?

ఇప్పుడు ప్రతి మంగళవారం పొద్దున ప్లాంటులో లీకుల తనిఖీ. ఎవరు చేసినా చేయవచ్చు, నేనే చేస్తాను. అక్క సబ్బునీళ్ల గిన్నె పట్టుకుని నా వెంట వస్తుంది. మొన్నటి మంగళవారం చివరి వరుస దగ్గరికి వచ్చాక అక్క అటూ ఇటూ చూసి, “ఒక్క బోల్టు జర వదులు చేస్తె ఏమైతది చెల్లె? లీకైతే పిలుస్తమన్నరు గద,” అంది.

“గ్యాసు అక్క అది. అంటుకుంటె నువ్వూ ఉండవు, నేనూ ఉండను,” అని కసిరాను.

“గట్లనా? వద్దు తియ్యి,” అంది. తర్వాత ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను, అక్క గిన్నెలోకి చూస్తూ నిలబడింది.

నిజం చెప్పాలంటే బోల్టు ముట్టుకోను గానీ, ప్రతి అతుకు దగ్గరా ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు నిలబడతాను. బుడగ రాకూడదని నా ఉద్యోగం. రావాలని నా మనసు. బ్రష్షు రాసినప్పుడు నురగ లేస్తుంది, అందులో ఒక బుడగ కాస్త పెద్దదవుతున్నట్టు అనిపిస్తుంది, ఇంకాస్త వంగి చూస్తాను. అది వట్టి నురగ. చిట్లిపోతుంది. కింద ఇనుము తడిగా, నున్నగా, ఆయన బిగించినట్టే ఉంటుంది.

తనిఖీ వేళ ఆయనకూ తెలుసు. చాయ్ విరామానికి ముందే ఏదో వంక పెట్టుకుని బయటికి వచ్చి ఫోన్ చేస్తాడు. మొన్న చివరి అతుకు దగ్గర ఉండగానే మోగింది. వెనక అదే హోరు.

“బుడగొచ్చిందా?” అన్నాడు.

“రాలే.”

“ఒక్కటి కూడ?”

“ఒక్కటి కూడ రాలే. గంత గట్టిగ ఎవరు బిగించమన్నరు నిన్ను?”

ఆయన నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

“ఇంకోపారి చూడు,” అన్నాడు.

అక్క గిన్నె ముందుకు చాపింది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, బ్రష్షు మళ్లీ సబ్బునీళ్లలో ముంచాను.